కొలత టేపు: బిగుతు వేరు, ఆసరా వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్పోర్ట్స్ బ్రా గురించే. ఆశ్చర్యమేం లేదు. బెంగళూరులో 2008లో మొదలైన టెన్‌కే (పది కిలోమీటర్ల) పరుగు దగ్గరపడుతోందంటే మా షాపుకొచ్చే తెలుగు ఆడపిల్లల ప్రశ్నలన్నీ ఇటే తిరుగుతాయి. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నాది హిందూపురం. బొమ్మనహళ్లిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో లోదుస్తుల లైన్లో మిషన్ మీద మొదలై చెకింగ్ దాకా పనిచేశాను. ఇప్పుడు మారతహళ్లిలో చిన్న షాపు నడుపుతున్నాను. కొలతలు, కుట్లు, ఎలాస్టిక్ గురించి అడగండి, చెప్తాను. గడ్డలు, జ్వరాలు అయితే మాత్రం డాక్టరు దగ్గరికే పంపుతాను.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. సర్జాపుర రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ నడకతో మొదలుపెట్టి ఇప్పుడు పరుగెడుతున్నాను. టెన్‌కేకి పేరు కూడా ఇచ్చేశాను. కాలేజీ రోజుల నుంచి 36 సైజే వాడుతున్నాను. పరుగులో బాగా ఊగుతోందని మామూలు బ్రా మీద ఇంకో బిగుతైన స్పోర్ట్స్ బ్రా వేసుకుంటున్నాను. ఇంటికొచ్చేసరికి భుజాల మీద ఎర్రటి గీతలు, రొమ్ముల కింద ఒరుసుకుపోయి మంట. స్నానానికి వెళ్లాలంటేనే భయం. ఇంకో సైజు తగ్గించి కొనమంటారా? పరుగెడితే జారిపోతాయని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అంటోంది. మీరు కొలవమంటారని కొలిచాను: రొమ్ము కింద 32 అంగుళాలు, పైన 37. – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: సైజు తగ్గించకు తల్లీ. ఇప్పటికే నీ భుజాలు వాటిది కాని చాకిరీ చేస్తున్నాయి.

బ్రాలో బరువు మోసేది భుజం స్ట్రాపులు కాదు, రొమ్ము కింద ఒంటి చుట్టూ తిరిగే బ్యాండు. అది పక్కటెముకల మీద కదలకుండా కూర్చుంటే పైన కప్పులు నిలబడతాయి. కప్పు పై అంచు ఒంటికి ఆని ఉండేలా చూడటమే స్ట్రాపుల పని. బ్యాండు వదులైతే వీపు వైపు పైకెక్కుతుంది, ముందువైపు కిందికి దిగుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? స్ట్రాపులు బిగిస్తాం. దాంతో వీపు వైపు బ్యాండు ఇంకా పైకి పోతుంది. నీ భుజాల మీద పడుతున్న గీతలు అవే. కింద మంట కూడా దానివల్లే: వదులు బ్యాండు అడుగడుక్కీ పైకీ కిందికీ జరుగుతూ చెమట పట్టిన చర్మాన్ని రుద్దేస్తోంది. పైన ఇంకో బ్రా వేసి ఎంత అదిమినా లోపలి బ్యాండు జరగడం ఆగదు.

నీ కొలతలు చూద్దాం. కింద 32, పైన 37, తేడా 5 అంగుళాలు. తేడా ఒక అంగుళమైతే ఎ కప్పు, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి, అయిదైతే డబుల్ డి. అంటే నీది 32 డబుల్ డి. కంగారుపడకు. షాపులో డి అనగానే 'అంత లేదక్కా' అని ముఖం ఎర్రబడేవాళ్లను రోజూ చూస్తాను. అక్షరం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. 32 మీద డి వేరు, 40 మీద డి వేరు. 32 డబుల్ డిలో ఎంత పడుతుందో 34 డిలోనూ అంతే, 36 సిలోనూ అంతే పడుతుంది. షాపుల్లో వీటిని సిస్టర్ సైజులంటారు. బ్యాండు ఒకటి పెంచితే అక్షరం ఒకటి తగ్గించాలి, బ్యాండు తగ్గిస్తే అక్షరం పెంచాలి.

మరి కాలేజీ నాటి ఆ 36 ఎక్కడిది? కింది కొలతకు నాలుగంగుళాలు కలిపి బ్యాండు సైజు చెప్పే పాత పద్ధతి ఒకటుంది. సాగని గుడ్డతో కుట్టే రోజుల్లో అది సరిపోయింది. ఇప్పుడు బ్యాండులోనే ఎలాస్టిక్ ఉంటుంది కాబట్టి ఏమీ కలపక్కర్లేదు. అయినా కొన్ని షాపుల్లో ఇంకా కలుపుతూనే ఉన్నారు. 32కి నాలుగు కలిపితే ఎంతో నువ్వే చూసుకో. పైగా 36 పక్కన అక్షరం రాయలేదు నువ్వు. అక్షరం చెప్పకుండా అడిగితే కౌంటర్లో చేతికొచ్చేది చాలాసార్లు బి కప్పే. అదే నిజమైతే నీ బ్రా బ్యాండు దగ్గర వదులు, కప్పు దగ్గర ఇరుకు. బిగుతుగా అనిపించేది కప్పు, ఊగనిచ్చేది బ్యాండు. ఇంకో సైజు తగ్గిస్తే ఇరుకే పెరుగుతుంది.

32 డబుల్ డి అన్ని చోట్లా దొరకదు. దొరక్కపోతే 34 డి వేసి చూడు. డి దాటాక ఒక కంపెనీ డబుల్ డి అన్నదాన్ని ఇంకో కంపెనీ ఇ అంటుంది, అందుకని ఆ కంపెనీ చార్టు చూడకుండా డబ్బులివ్వకు. ఎస్, ఎం, ఎల్ అని మాత్రమే ఉన్నవి నీకొద్దు. ఎంలో 32 డబుల్ డినీ 34 బినీ ఒకే గాటన కట్టేస్తారు.

రెండు బ్రాలు వేసుకుంటున్నానని చదవగానే నాకు వెర్మాంట్ గుర్తొచ్చింది. 1977లో అమెరికాలోని ఆ రాష్ట్రంలో లీసా లిండాల్ అనే ఆవిడ పరుగు మొదలుపెట్టి సరిగ్గా నీ బాధే పడింది. స్ట్రాపులు జారడం, ఒరుసుకోవడం, ఊపు. నాటకాలకు దుస్తులు తయారుచేసే స్నేహితురాలు పాలీ స్మిత్, ఆమె తోటి ఉద్యోగిని హిండా మిల్లర్ తోడయ్యారు. మగ ఆటగాళ్లు లోపల వేసుకునే సపోర్టర్లు రెండు తెచ్చి, జోడించి కుట్టేశారు! స్ట్రాపులు జారకుండా వీపు మీద ఒకదాన్నొకటి దాటేలా పెట్టారు. జాగ్‌బ్రా అని పేరుపెట్టి అమ్మారు, 1979లో పేటెంట్ వచ్చింది. నేను ఫ్యాక్టరీలో చెక్ చేసి పక్కన పెట్టిన వేల ముక్కలకు మూలపుటమ్మ ఆ సపోర్టర్ల జత అని తెలిసిన రోజు మా లైన్లో ఆడవాళ్లమంతా పడిపడి నవ్వాం. నీ రెండు బ్రాలు వేసుకునే ఆలోచనలో తప్పేం లేదు. కానీ కుదిరిన బ్రా ఒక్కటి ఉంటే ఆ ఉక్కపోత, ఊపిరాడనితనం అక్కర్లేదు.

ఇక రకం. తలమీదుగా వేసుకునేవి చాలావరకు ఛాతీ మొత్తాన్ని ఒకే ముక్కగా ఒంటికి నొక్కిపెడతాయి. ఎ, బి కప్పుల వాళ్లకు అవి చాలు. నీకు మాత్రం ఒక్కో రొమ్మును విడిగా కప్పులో పట్టుకునేది కావాలి, లేదా కప్పులుండి పైన నొక్కే పొర కూడా ఉన్నది. ఎందుకంటే పరుగులో రొమ్ము పైకీ కిందికీ మాత్రమే ఎగరదు. పక్కలకు, ముందుకు వెనక్కు కూడా కదులుతుంది. ఆ కదలికను గీస్తే 8 అంకెలా వస్తుందని ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ యూనివర్సిటీలో దీనిమీదే పరిశోధన చేస్తున్నవాళ్లు తేల్చారు. ముందు నుంచి నొక్కినంత మాత్రాన పక్క ఊపు ఆగదు. కప్పుకు పక్కగోడ ఉండాలి. ఆసరా ఎంతో లేబుల్ మీద లో, మీడియం, హై అని ఉంటుంది. యోగాకు లో, సైకిలుకు, గట్టి నడకకు మీడియం, పరుగు, జుంబా, బ్యాడ్మింటన్‌కు హై. నువ్వు కొనేది హై.

వీపు వెనక హుక్కులు, ముందు సర్దుకునే స్ట్రాపులు ఉన్నది తీసుకో. కొత్త బ్రా అన్నిటికన్నా వదులుగా ఉండే చివరి హుక్కు మీదే సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులకు జరగొచ్చు. కొన్నరోజే లోపలి హుక్కు పెట్టాల్సి వస్తే అది నీ సైజు కాదు.

ట్రయల్ రూంలో అద్దం ముందు నిలబడి చూసుకుని వచ్చేయకు. కదలకుండా నిలబడితే ఏ బ్రా అయినా బుద్ధిగానే ఉంటుంది. చేతులు రెండూ పైకెత్తు, బ్యాండు లేచి రొమ్ము మీదికి రాకూడదు. వీపు దగ్గర బ్యాండు కింద రెండు వేళ్లు దూర్చు. దూరాలి, అంతకుమించి జాగా ఉండకూడదు. గుండె నిండా ఊపిరి పీల్చు, పక్కటెముకలు నొక్కుకుపోకూడదు. పై అంచు మీదుగా గానీ చంక దగ్గర గానీ పొంగకూడదు, కప్పులో ముడత పడకూడదు. తర్వాత గెంతు. నిజంగానే చెప్తున్నాను. మొన్నొక అమ్మాయి, ఆఫీసులో పదిమందిని పరుగులు పెట్టించే టీమ్ లీడ్, మా ట్రయల్ రూంలో గెంతడానికి సిగ్గుపడి 'అక్కా, ఏదైనా పాట పెట్టండి, చప్పుడు బయటికి రాకుండా' అంది. మా హెల్పరు ఫోన్లో డప్పు పాట పెట్టింది. పాట అయ్యేదాకా లోపల ధడధడలాడించి, బయటికొచ్చి మూడింట్లో రెండు కౌంటరు మీద పెట్టేసింది. ఒకదాంట్లో చంక పక్కన పొంగిందట, ఇంకోదాంట్లో స్ట్రాపు మెడ మొదట్లో లాగిందట. మూడోదానికి వేలెత్తి చూపడానికేం దొరకలేదంది. బిల్లు వేశాను.

నేను మాత్రం వేసుకోకముందే బ్రాను తిరగేసి చూస్తాను, ఫ్యాక్టరీ అలవాటు. లోపల కుట్టును వేలితో నిమిరి చూడండి (ఇది అందరికీ చెప్తున్నాను). వేలికి గరుగ్గా, గట్టులా తగిలితే చెమటలో అదే రంపం. కుట్టు బల్లపరుపుగా ఉండాలి. లేబుల్ పక్క కుట్టులో దూర్చి ఉంటే వద్దు, గుడ్డ మీదే అచ్చు వేసినది మేలు. కింది ఎలాస్టిక్ వెడల్పు చూడండి. సన్నని తాడులాంటి ఎలాస్టిక్ కోస్తుంది, వెడల్పుగా ఉంటే బరువు పరుచుకుంటుంది. బ్యాండును రెండు చేతుల్తో లాగి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చిందంటే నాలుగు ఉతుకుల్లో వేలాడుతుంది. హుక్కుల వెనక మెత్తటి గుడ్డ అడ్డం ఉందో లేదో తప్పక చూడండి. నైలాన్‌లోనో పాలిస్టర్‌లోనో స్పాండెక్స్ అనే సాగే పోగు కలిసిన గుడ్డ పరుగుకు బాగుంటుంది. కాటన్ ఒంటికి హాయే, నేనూ ఇంట్లో అదే వేసుకుంటాను, కానీ చెమటంతా తనలో దాచుకుని బరువెక్కి ఒరుస్తుంది.

మీ అమ్మగారి మాటకొస్తే. రొమ్ములో కండ ఉండదు. కొవ్వు, పాల గ్రంథులు, వాటిని పట్టి ఉంచే సన్నటి బంధనాలు, పైన చర్మం, అంతే. ఆ బంధనాలకు వాటిని వర్ణించిన ఆస్ట్లీ కూపర్ అనే డాక్టరు పేరే పెట్టారు. జారడానికి పెద్ద కారణాలు వయసు, బరువు పెరిగి తగ్గడం, కాన్పులు, పొగ తాగడం. బిడ్డకు పాలివ్వడం కారణం కాదు, ఈ మాట అమ్మలకు కూడా చెప్పండి. ఊపు వల్ల నొప్పి మాత్రం నిజం, దానికి మందు కుదిరిన బ్రా, పరుగు మానేయడం కాదు. ఆవిడ బెంగ వెనక ఇంకేదైనా ఉందేమో కనుక్కో. తెల్లవారకముందే కూతురు ఒంటరిగా చెరువు గట్టుమీద పరుగెడుతోందన్న భయం కావచ్చు. దానికి బ్రా దగ్గర జవాబు లేదు.

ఎక్కడ కొనాలి? వేసుకుని చూడనిచ్చే చోట. ఈ విషయంలో బెంగళూరు వాళ్లు అదృష్టవంతులు. మన దేశంలో జాకీ తయారుచేసే పేజ్ ఇండస్ట్రీస్ ఇక్కడిదే, లోదుస్తులు అమ్మే జివామే 2011లో మొదలైందీ ఇక్కడే. డెకాథ్లాన్ షాపుల్లో ట్రయల్ రూంలున్నాయి. కమర్షియల్ స్ట్రీటు, జయనగర్ నాలుగో బ్లాకు తిరిగితే అన్ని ధరల్లో దొరుకుతాయి. ఆన్‌లైన్లో కొంటే లోదుస్తులు వెనక్కి తీసుకుంటారో లేదో ముందు చదువుకో. ఒకే ఖరీదైనది కొని రోజూ ఉతికి తడితడిగా వేసుకోవడం కంటే మధ్య ధరలో రెండు కొని మార్చి మార్చి వాడటం మంచిది. ఎలాస్టిక్‌కు కూడా విశ్రాంతి కావాలి.

ఇంకొకటి. టెన్‌కే రోజు కొత్త బ్రా వేసుకోకు. దాంతో ముందు ఒకట్రెండు పొడుగు పరుగులు తీశాకే పోటీకి వేసుకో. ఎక్కడ గీరుకుంటుందో ఆరేడు కిలోమీటర్లు దాటాక గానీ బయటపడదు. ఒరుసుకునే చోట పరుగుకు ముందు వాసెలీన్ పల్చగా రాసుకో. ఇప్పుడున్న పుండు మానేదాకా మాత్రం పరుగు కాస్త ఆపు, తడి లేకుండా చూసుకో. ఎర్రబడి రసి కారితే చర్మం డాక్టరుకు చూపించు.

ప్రశ్న: నా భార్య జిమ్‌లో చేరింది. పుట్టినరోజుకు మంచి స్పోర్ట్స్ బ్రా సర్‌ప్రైజ్‌గా ఇద్దామనుకుంటున్నాను. పాత బ్రా సైజు చూసి అదే తెమ్మంటారా? – ఒక భర్త, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: వద్దు బాబూ. పాత బ్రా సైజు తప్పయ్యే అవకాశమే ఎక్కువ, పై ఉత్తరం చదవండి. బ్రాకు పెట్టాలనుకున్న డబ్బు ఆవిడ చేతిలో పెట్టి, ట్రయల్ రూంలో ఎంతసేపు పట్టినా బయట కూర్చుని ఫోన్ చేయకుండా ఉండండి.

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు. బ్యాడ్మింటన్ కోచింగ్‌కు వెళ్తుంది. ఈమధ్య భుజాలు ముందుకు వంచి నడుస్తోంది, లావుపాటి టీషర్టు వేసుకుంటేగానీ కోర్టులోకి దిగనంటోంది. కోచింగ్ మానేస్తానని కూడా అంది. ఆ వయసుకు స్పోర్ట్స్ బ్రా అవసరమా? మా అత్తగారు ఇప్పుడే ఎందుకంటున్నారు. – ఒక తల్లి, బనశంకరి

జవాబు: అవసరమే. పాప మీతో నోటితో చెప్పలేనిది ఆ టీషర్టుతో చెప్తోంది. రాకెట్ పైకెత్తి స్మాష్ కొట్టే ఆట అది, దూకాలి, వెనక్కి పరుగెత్తాలి. ఎవరైనా చూస్తున్నారేమోనని చేయి సగంలో ఆపుకునే పిల్ల ఎలా ఆడుతుంది?

ఈ వయసులో కప్పుల లెక్కలు అక్కర్లేదు. మెత్తటి గుడ్డ, వెడల్పు బ్యాండు, వీపు మీద స్ట్రాపులు కలిసే రేసర్‌బ్యాక్, తలమీదుగా వేసుకునేది చాలు. లోపల ప్యాడ్లు తీసేయడానికి వీలుండాలి, కొందరు పిల్లలకు అవి నచ్చవు, కొందరికి అవి ఉంటేనే ధైర్యం. ఏది కావాలో పాపనే అడగండి. 'పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం' అనే మన యూనిఫాం తెలివి ఇక్కడ వాడకండి. పెద్దదైతే అది పనే చేయదు. బడి తెరిచినప్పుడు ఒకసారి, దసరా సెలవులకు ఒకసారి కొలిచి చూస్తే చాలు. నొప్పి ఉందా అని కూడా అడగండి. ఎదిగే రోజుల్లో అక్కడ చిన్న దెబ్బ తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది.

కొనడానికి మీరిద్దరే వెళ్లండి. షాపులో గట్టిగా 'మా పాపకు మొదటిసారండీ' అనకండి, ఆ ఒక్క మాటకు తల దించుకుని బయటికి వెళ్లిపోయిన పిల్లలున్నారు. అత్తగారితో వాదన పెట్టుకోకండి. పాప ఆట ఒకసారి చూడటానికి ఆవిడను కోర్టుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాను. రూముకు ముగ్గురం. స్పోర్ట్స్ బ్రా ఎంత ఉతికినా ఒక రకమైన వాసన పోవట్లేదు, రొమ్ముల కింద దురద, ఎర్రటి దద్దుర్లు. కంఫర్ట్ వేసి నానబెడుతున్నాను, అయినా లాభం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: ఎక్కడ ఆరేస్తున్నావో రాయలేదు, నేను చెప్పనా? బాల్కనీ తీగ మీద, టవల్ కింద. ఎవరికీ కనబడకుండా.

మన ఊళ్లలో చీర కింద ఆరేసేవాళ్లం, ఇక్కడికొచ్చి టవల్ కింద ఆరేస్తున్నాం. మందపాటి ఎలాస్టిక్, రెండు పొరల గుడ్డ, లోపల ప్యాడ్లు, అంతా ఒక తడి టవల్ కింద. బెంగళూరు జూలై ముసురులో అది రెండు రోజులకు కూడా ఆరదు. పైకి ఆరినట్టే ఉంటుంది, బ్యాండును వేళ్ల మధ్య నొక్కి చూడు, చల్లగా తగులుతుంది. ఆ తడిలోనే వాసన పుడుతుంది. ఆ తడి చర్మానికి చర్మం ఆనే మడతలో చేరితే ఫంగస్‌కు పండగ.

ప్యాడ్లు బయటికి తీసి విడిగా ఆరబెట్టు. టవల్ తీసెయ్, గాలి తగలనివ్వు. పూర్తిగా మొహమాటమైతే హ్యాంగరుకు క్లిప్పు పెట్టి రూములో ఫ్యాన్ కింద వేలాడదీయి, టవల్ కంటే అదే నయం. మరీ మండుటెండలో గంటల తరబడి వద్దు, ఎలాస్టిక్ పాడవుతుంది. జిమ్ నుంచి రాగానే కనీసం నీళ్లలో జాడించు, బ్యాగులో ముద్దచేసి రాత్రిదాకా ఉంచకు. కంఫర్ట్ లాంటివి ఈ గుడ్డకు వద్దే వద్దు. పోగుల మీద పూతలా పేరుకుని చెమటను బయటికి పోనివ్వవు, వాసన ఉండిపోవడానికి అదీ ఒక కారణం. వేడినీళ్లు, ఇస్త్రీ, డ్రయ్యరు మూడూ ఎలాస్టిక్‌కు శత్రువులు. మిషన్లో వేస్తే హుక్కులు పెట్టేసి జాలీ సంచిలో వెయ్యి.

దద్దుర్లకు మాత్రం మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చుకోకు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే రెండు రోజులు తగ్గినట్టు ఉండి ఫంగస్ ఇంకా ముదురుతుంది. చర్మం డాక్టరుకు చూపించు. అందాకా స్నానం తర్వాత ఆ మడతలు బాగా తుడుచుకుని, ఆరాకే బ్రా వేసుకో.

ప్రశ్న: బాబుకు ఏడో నెల, నా పాలే తాగుతున్నాడు. డాక్టరు వ్యాయామం చేయొచ్చన్నారు. పరుగెడితే పాలు చెడిపోతాయని అత్తయ్య అంటున్నారు. ఏ బ్రా వేసుకోవాలి? – ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: చెడిపోవమ్మా. మామూలు వ్యాయామం వల్ల పాలు తగ్గవు, పాడవవు. బయలుదేరే ముందు బాబుకు పట్టించి వెళ్లండి, బరువు తగ్గి నొప్పి కూడా తక్కువగా ఉంటుంది. ముందు క్లిప్పు తీసి పాలివ్వడానికి వీలైన స్పోర్ట్స్ బ్రాలు వస్తున్నాయి, అవి చూడండి. గట్టిగా నొక్కిపెట్టేవి వద్దు. పరుగు అవగానే తీసేయండి, అదే వేసుకుని వంట, పని అంటూ పూట గడిపేయకండి. ఎక్కువసేపు ఒత్తిడి పడితే పాలు గడ్డకట్టినట్టయి సలుపుతుంది. రొమ్ము ఒకచోట గట్టిపడి, ఎర్రబడి, జ్వరం తగిలితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఖరీదైనది ఇప్పుడే కొనకండి, పాలు మాన్పించాక సైజు మళ్లీ మారుతుంది.

ప్రశ్న: అమ్మాయీ, నాకు 63 ఏళ్లు. గుంటూరు నుంచి వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. షుగరుంది, రోజూ నడవమన్నారు. కోడలు ప్రేమగా స్పోర్ట్స్ బ్రా తెచ్చింది. కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. దాన్ని తలమీదుగా వేసుకోబోతే సగంలో ఇరుక్కుపోయి, కోడలే వచ్చి లాగాల్సొచ్చింది. ఇద్దరికీ నవ్వాగలేదు. అదీగాక నల్ల రంగుది. నల్ల బ్రా వేసుకుని ఎండలో తిరిగితే కాన్సరొస్తుందని మా అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారు. నిజమేనా? – గుంటూరు నుంచి వచ్చిన ఒక అత్తగారు

జవాబు: నిజం కాదమ్మా. బ్రా రంగుకూ కాన్సరుకూ సంబంధం లేదు. బిగుతు బ్రా వల్ల, తీగ ఉన్న బ్రా వల్ల వస్తుందని కూడా తిప్పుతుంటారు. అమెరికాలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్‌సన్ కాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు ముట్లుడిగిన ఆడవాళ్లు దాదాపు 1,500 మందిని అడిగి, ఎన్ని గంటలు వేసుకున్నారు, తీగ ఉందా లేదా, ఏ వయసులో మొదలుపెట్టారు అన్నీ చూసి, 2014లో సంబంధం ఏమీ కనబడలేదని చెప్పారు. మీరు చూసుకోవాల్సింది వేరు: గడ్డ తగిలినా, చర్మం గుంటపడినా, చనుమొన లోపలికి లాక్కున్నా, రక్తంలాంటిది కారినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

భుజం సంగతి మీ షుగరు డాక్టరుతో చెప్పండి. షుగరున్నవాళ్లకు భుజం ఇలా పట్టేయడం ఎక్కువ, వ్యాయామాలు నేర్పిస్తారు. నడకకు మీకు స్పోర్ట్స్ బ్రానే కావాలని లేదు. వెడల్పు స్ట్రాపులు, వెడల్పు బ్యాండు ఉన్న మామూలు బ్రా సరైన సైజులో ఉంటే చాలు. కోడలి ముచ్చట తీర్చాలంటే ముందు జిప్పు ఉన్నది తీసుకోమనండి, చొక్కాలా చేతులు దూర్చి వేసుకోవచ్చు. జిప్పు కింద ఒకట్రెండు హుక్కులు ఉన్నదైతే ముందు హుక్కులు పెట్టి తర్వాత జిప్పు లాగడం తేలిక. జిప్పు వెనక గుడ్డ పట్టీ, పైన దాని మొన దాచుకునే చిన్న తొడుగు ఉన్నాయో లేదో చూసి కొనండి. లేకపోతే నడకలో గొంతు కింద గీరుకుంటుంది, షుగరున్న ఒంటికి ఆ గీత త్వరగా మానదు.